సంచిలోని వాయువు - చేప భద్రత

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



గోపాలపురం మొదలు పూరీలోని పెంటకోట వరకు ఈ ఒడిశా తీరం వెంట స్థిరపడిన తెలుగు కుటుంబాలలో చేపను ఎంచి కొనడం ఏ పుస్తకమూ చూసి నేర్చుకునే విద్య కాదు. గంప ముందు కూర్చున్న ఇల్లాలు ముందుగా మొప్ప ఎత్తి చూస్తుంది; ఎర్రగా ఉన్నదా, గోధుమ రంగుకు తిరిగినదా అని పరిశీలిస్తుంది. కన్ను ఉబ్బి మెరుస్తున్నదా, లోనికి కుంగినదా అని చూస్తుంది. వేలితో కండను నొక్కి, గుంట వెంటనే పూడినదా లేదా అని గమనిస్తుంది. చివరకు వాసన చూస్తుంది. ఈ నాలుగు పరీక్షలలో నెగ్గిన చేపకే బేరం మొదలవుతుంది. ఇందులో తుది తీర్పు ముక్కుదే. చెడిపోయిన చేప తన సంగతి తానే కంపుతో చెప్పుకుంటుందన్న నమ్మకం మీద తరతరాల వంటిళ్ళు నడిచాయి.

నేడు చేప మరొక రూపంలోనూ ఇంటికి చేరుతున్నది. పెద్ద నగరాలలోను, విదేశాలలోను స్థిరపడిన ఈ పాఠశాల పూర్వ విద్యార్థులకు అది మరింత పరిచితం. తల తీసి, ముల్లు తీసి, ముక్కలు కోసి, పారదర్శకమైన సంచిలో బిగించి, చల్లని అరలో ఉంచిన చేప అది. దానికి మొప్ప లేదు, కన్ను లేదు. సంచి విప్పే వరకు వాసనా తెలియదు. పైగా ఆ సంచిలో ఉన్నది మామూలు గాలి కాదు. కొన్నింటిలో గాలిని పూర్తిగా లాగివేస్తారు. కొన్నింటిలో గాలికి బదులు కొలిచి కలిపిన వాయువుల మిశ్రమాన్ని నింపుతారు. ఆ వాయువు చేపను కాపాడుతున్నదా అన్నది ఒక ప్రశ్న. తినేవారిని కాపాడుతున్నదా అన్నది మరొక ప్రశ్న. ఈ రెండింటికీ సమాధానం ఒకటి కాదు. ఈనాటి ప్రసంగానికి మూలాంశం ఇదే.

ముందుగా చేప ఎందుకు చెడుతుందో తెలుసుకోవాలి. చేప చనిపోయిన తరువాత దాని కండలోని ఎంజైములు తమ పని ఆపవు. అవి కండను లోపలి నుండి క్రమంగా మెత్తబరుస్తాయి. తాజా చేపలోని తియ్యదనం తగ్గిపోతుంది. ఇది మొదటి దశ. చర్మం మీద, మొప్పలలో, పేగులలో ఉండే సూక్ష్మజీవులు కండలోనికి వ్యాపించి వృద్ధి చెందడం రెండవ దశ. చేప చెడిపోవడంలో ప్రధాన పాత్ర వీటిదే. సముద్రపు చేపల కండలో ట్రైమిథైల్ అమీన్ ఆక్సైడ్ అనే పదార్థం సహజంగా ఉంటుంది. దానికి వాసన లేదు. కొన్ని రకాల బాక్టీరియా ప్రాణవాయువు దొరకనప్పుడు ఈ పదార్థాన్నే శ్వాసక్రియకు ఆధారం చేసుకుంటాయి. అప్పుడు అది ట్రైమిథైల్ అమీన్‌గా మారుతుంది. పాతబడిన సముద్రపు చేప నుండి వచ్చే ఘాటైన నీచు వాసనకు ముఖ్య కారణం ఇదే. కొన్ని బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడును కూడా వెలువరిస్తాయి. కుళ్ళిన గుడ్డు కంపు దానిది. ముక్కు పసిగట్టేది చేపను కాదు, ఈ సూక్ష్మజీవుల జాడను అన్నమాట.

వీటి వేగాన్ని తగ్గించే మొదటి సాధనం చల్లదనం. శీతల సముద్రాల చేపలపై జరిగిన పరిశోధనల ప్రకారం 0 డిగ్రీల సెల్సియస్ వద్ద చేప చెడే వేగాన్ని ఒకటిగా లెక్కిస్తే, 5 డిగ్రీల వద్ద అది రెండు రెట్లకు పైగాను, 10 డిగ్రీల వద్ద నాలుగు రెట్లుగాను ఉంటుంది. అంటే ఐసులో పన్నెండు రోజులు నిలిచే చేప 10 డిగ్రీల వద్ద మూడు రోజులే నిలుస్తుంది. ఉష్ణమండల సముద్రాల చేపల మీది సూక్ష్మజీవులు వెచ్చదనానికి అలవాటు పడినవి కనుక, అటువంటి చేపలు ఐసులో సాధారణంగా మరికొంత ఎక్కువ కాలం నిలుస్తాయి. అయితే ఐసు దాటి ఎండలోకి వచ్చిన చేప మీద అవే సూక్ష్మజీవులు అత్యంత వేగంగా విజృంభిస్తాయి.

రెండవ సాధనం వాయువు. ఈ ఆలోచన కొత్తది కాదు. బొగ్గుపులుసు వాయువులో, అనగా కార్బన్ డయాక్సైడులో, ఉంచిన మాంసము, చేప మామూలు గాలిలో ఉంచినవాటికంటే దాదాపు రెట్టింపు కాలం నిలిచినట్లు 1930లో అమెరికాలో కిల్లెఫర్ ప్రకటించాడు. బ్రిటన్‌లో కోయిన్ 1932, 1933 సంవత్సరాలలో చేపల మీది బాక్టీరియాపై ఈ వాయువు ప్రభావాన్ని వివరించాడు. అదే దశాబ్దంలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల నుండి చల్లబరచిన మాంసం ఈ వాయువు నింపిన ఓడ గదులలో ఇంగ్లండుకు చేరింది. 1938 నాటికి అలా పంపిన మాంసం వాటా ఆస్ట్రేలియా ఎగుమతిలో 26 శాతం, న్యూజిలాండ్ ఎగుమతిలో 60 శాతం. ఓడ గదిలో సాధ్యమైనది చిన్న సంచిలో సాధ్యం కావడానికి వాయువును బయటకు పోనివ్వని ప్లాస్టిక్ పొరలు రావలసి వచ్చింది. 1980 ప్రాంతంలో బ్రిటన్ దుకాణాలలో ఇటువంటి సంచులు అమ్మకానికి వచ్చాయి.

మనం పీల్చే గాలిలో నత్రజని 78 శాతం, ప్రాణవాయువు 21 శాతం ఉంటాయి. కార్బన్ డయాక్సైడు 0.04 శాతం మాత్రమే. చేపల సంచిలో ఈ పాళ్ళు తారుమారవుతాయి. కొవ్వు తక్కువగా ఉన్న తెల్లకండ చేపలకు 40 శాతం కార్బన్ డయాక్సైడు, 30 శాతం నత్రజని, 30 శాతం ప్రాణవాయువు గల మిశ్రమాన్ని బ్రిటన్‌లో సూచించారు. కొవ్వు ఎక్కువగా ఉన్న చేపలకు 60 శాతం కార్బన్ డయాక్సైడు, 40 శాతం నత్రజని వాడతారు. కొవ్వు ప్రాణవాయువుతో కలిస్తే పాతబడిన నూనె వాసన వస్తుంది; అందుకే అక్కడ ప్రాణవాయువును మినహాయిస్తారు.

ఈ ముగ్గురిలో అసలు పనివాడు కార్బన్ డయాక్సైడే. అది చేప కండలోని నీటిలో, కొవ్వులో కరిగి, బాక్టీరియా వృద్ధిని మందగింపజేస్తుంది. మామూలు గాలిలో చేపను చెడగొట్టే బాక్టీరియాలో ముఖ్యమైన సూడోమోనాస్ జాతి దీనికి తేలికగా లొంగుతుంది. ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన రసాయన శాస్త్ర విషయం ఒకటి ఉన్నది. 0 డిగ్రీల వద్ద ఒక లీటరు నీటిలో దాదాపు 1.7 లీటర్ల కార్బన్ డయాక్సైడు కరుగుతుంది. 20 డిగ్రీల వద్ద కరిగేది 0.9 లీటరు మాత్రమే. చల్లని గోలీసోడా నాలుకను చురుక్కుమనిపించడం, ఎండలో ఉంచిన సోడా మూత తీయగానే పొంగి చప్పబడిపోవడం అందరూ ఎరిగినదే. సంచిలోని చేపకు కూడా అదే సూత్రం. చల్లదనం తగ్గితే సూక్ష్మజీవుల వేగం పెరగడమే కాక, వాటిని అదుపు చేయవలసిన వాయువు కూడా కండను విడిచి బయటకు వస్తుంది. కనుక వాయువు చల్లదనానికి తోడు కాగలదే గాని, బదులు కాజాలదు.

నత్రజని దేనితోనూ త్వరగా కలవదు. కార్బన్ డయాక్సైడు కండలో కరిగిపోయినప్పుడు సంచి ముడుచుకొనిపోకుండా నిలబెట్టడమే దాని పని. చేప బరువుకు తగినట్లు వాయువు పరిమాణం కూడా ఉండాలి; కిలో చేపకు రెండు మూడు లీటర్ల వాయువు ఉంచడం ఆనవాయితీ. కార్బన్ డయాక్సైడు మరీ ఎక్కువైతే చేప నుండి నీరు కారి, కండ పొడిబారుతుంది.

ఇంత ఏర్పాటు చేసినా చేప మాంసం వలె నిలవదు. దానికి కారణం చాలాకాలం స్పష్టం కాలేదు. ఉత్తర సముద్రాల కాడ్ చేపను వాయువు సంచిలో ఉంచితే, సూడోమోనాస్ వంటివి అణగిపోయినా నీచు వాసన మాత్రం వస్తూనే ఉండేది. దీని వెనుక ఫోటోబాక్టీరియం ఫాస్ఫోరియం అనే సూక్ష్మజీవి ఉన్నదని 1990 దశకంలో డెన్మార్క్‌కు చెందిన పా డాల్గార్డ్, ఆయన సహచరులు నిరూపించారు. చీకటిలో కాంతిని వెదజల్లే సముద్ర బాక్టీరియాలలో ఇది ఒకటి. దీని కణం పెద్దది. కార్బన్ డయాక్సైడును తట్టుకోగలదు. ప్రాణవాయువు లేకున్నా ట్రైమిథైల్ అమీన్ ఆక్సైడుతో బ్రతుకుతుంది. అయితే గడ్డకట్టించే శీతలాన్ని ఇది భరించలేదు. అందుకే ముందుగా గడ్డకట్టించి, కరిగించిన తరువాత వాయువు సంచిలో ఉంచిన కాడ్ 2 డిగ్రీల వద్ద ఇరవై రోజులకు పైగా నిలువగా, గడ్డకట్టించనిది పదకొండు పన్నెండు రోజులే నిలిచినట్లు 1998లో వెల్లడైంది. శత్రువెవరో తెలిస్తేనే ఆయుధం ఎంచుకోగలమన్న నీతికి ఇది చక్కని నిదర్శనం.

ఇంతవరకు చెప్పినది చెడిపోవడం గురించి. ఇక ప్రమాదం గురించి చెప్పుకోవాలి. చెడిపోయిన ప్రతి చేపా ప్రాణాంతకం కాదు. ప్రాణాంతకమైన ప్రతి చేపా కంపు కొట్టదు.

1895లో బెల్జియంలోని ఎల్లెజెల్ గ్రామంలో ఉప్పుపెట్టిన పంది మాంసం తిన్నవారికి పక్షవాతం వంటి జబ్బు సోకి, కొందరు మరణించారు. వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త దానికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించాడు. నేడు దాని పేరు క్లాస్ట్రిడియం బొట్యులినం. అది ప్రాణవాయువు లేనిచోట పెరుగుతుంది. ప్రతికూల పరిస్థితులలో గట్టి కవచం గల సిద్ధబీజంగా మారి, మట్టిలోను, నీటి అడుగు బురదలోను ఏళ్ళ తరబడి ఉండగలదు. తగిన పరిస్థితి దొరికితే మేల్కొని, నాడీ మండలాన్ని స్తంభింపజేసే విషాన్ని తయారు చేస్తుంది. చూపు మసకబారి వస్తువులు రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, మాట తడబడటం, మింగుడు పడకపోవడం, తుదకు ఊపిరి ఆడకపోవడం దాని లక్షణాలు. ఇవి సాధారణంగా తిన్న 12 నుండి 36 గంటల లోపల మొదలవుతాయి.

ఈ సూక్ష్మజీవిలో పలు రకాలున్నాయి. చాలా రకాలు 10 డిగ్రీలకు దిగువన పెరగలేవు. కాని చేపలకు, నీటికి సంబంధించిన ఇ రకము, దానితో పోలిన మరికొన్ని 3 డిగ్రీల వద్ద కూడా మెల్లగా పెరగగలవు. ఇంటి రిఫ్రిజిరేటరు సాధారణంగా అంత చల్లగా ఉండదు. తలుపు పదే పదే తెరిచే ఇంట, విద్యుత్తు ఆగిపోయే వేళ చెప్పనే అక్కరలేదు.

1963లో అమెరికాలో దీని ఫలితం కనిపించింది. మహా సరస్సుల ప్రాంతంలో పొగబెట్టిన వైట్‌ఫిష్ అనే చేపను గాలి తీసిన సంచులలో ఉంచి దూరప్రాంతాలకు పంపారు. దారిలో తగిన చల్లదనం లోపించింది. పొగబెట్టిన చేప కనుక కొన్నవారు దానిని మళ్ళీ వండకుండానే తిన్నారు. పలువురు వ్యాధిగ్రస్తులయ్యారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. చేప పాడైనట్లు తెలియజెప్పవలసిన మామూలు సూక్ష్మజీవులు గాలి లేక అణగి ఉండగా, విషం తయారు చేసేది మాత్రం గాలి లేకపోవడాన్నే అదనుగా తీసుకున్నది.

అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. గంపలోని చేపలో కంపు ముందు వస్తుంది; తినేవారు దూరంగా తొలగుతారు. కంపు ఇంటి ముందు కావలివాని వంటిది. వాయువు ఆ కావలివానిని నిద్రపుచ్చుతుంది, కాని దొంగను ఆపదు. సంచిని 0 నుండి 2 డిగ్రీల వద్ద ఉంచితే విషం తయారయ్యే అవకాశమే లేదు. చేప తన కాలం తీరాక కంపుతోనే చెడిపోతుంది. వేడి 8, 10 డిగ్రీలకు పెరిగే కొద్దీ విషం, కంపు రెండూ ఒకేసారి రావచ్చు. ఒక్కొక్కప్పుడు విషమే ముందు రావచ్చు. సంచిలో కొంత ప్రాణవాయువు కలిపితే ఈ ప్రమాదం తొలగుతుందని కొందరు భావించారు. కాని ఆ ప్రాణవాయువును కండ, బాక్టీరియా క్రమంగా వాడుకొంటాయి. కండ లోపలి పొరలకు అది చేరనే చేరదు. కనుక దానిని పూర్తి రక్షణగా పరిగణించడానికి వీలులేదు.

అందుచేతనే పలు దేశాలు కట్టుదిట్టమైన నియమాలు చేశాయి. బ్రిటన్‌లో సూక్ష్మజీవ భద్రతా సలహా సంఘం 1992లో ఈ విషయమై నివేదిక సమర్పించింది. అక్కడి నియమం ప్రకారం 3 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచే ఇటువంటి ఆహారానికి, చల్లదనం తప్ప మరే రక్షణా లేనప్పుడు, పది రోజులకు మించి గడువు ఇవ్వరాదు. మరింత గడువు కావాలంటే 90 డిగ్రీల వద్ద పది నిమిషాలు వేడిచేయడమో, ఆహారంలోని తేమలో కనీసం 3.5 శాతం ఉప్పు ఉండేలా చూడటమో, పులుపు పెంచడమో చేయాలి. అమెరికాలో గడ్డకట్టించని పచ్చి చేపకు, ప్రాణవాయువు తగినంతగా లోనికి ప్రసరించే పలుచని పొరను గాని, ప్రతి సంచి మీదా కాలాన్ని, వేడిని కలిపి రంగు మార్పుతో తెలిపే సూచికను గాని వాడాలన్నది అధికారుల మార్గదర్శక సూత్రం. ముక్కు కోల్పోయిన కావలి బాధ్యతను ఆ సూచికకు అప్పగించారన్నమాట.

మరొక కీడు హిస్టమిన్. కానాగంత, కవళ్ళు, ట్యూనా వంటి చేపలు చల్లదనం లేక నిలవ ఉన్నప్పుడు కొన్ని బాక్టీరియా వాటి కండలో దీనిని తయారు చేస్తాయి. తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడి, దురద, తలనొప్పి, వాంతులు కలుగుతాయి. బొట్యులినం విషం పది నిమిషాలు బాగా మరిగిస్తే నశిస్తుంది. హిస్టమిన్ మాత్రం ఎంత ఉడికించినా నశించదు. గాలి తీసిన సంచిలో ఉంచిన ట్యూనాలో 2 డిగ్రీల వద్ద కూడా హిస్టమిన్ తయారు కాగలదని, 40 శాతం కార్బన్ డయాక్సైడు, 60 శాతం ప్రాణవాయువు గల సంచిలో అలా జరగలేదని 2005లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు చూపారు. ఒకే చల్లదనంలో ఉన్న ఒకే చేపకు వాయువు మారితే ఫలితం మారింది. వాయువును ఎంచుకోవడంలో శాస్త్రజ్ఞానం ఎంత అవసరమో దీనివల్ల తెలుస్తున్నది.

ఇదే చోట కార్బన్ మోనాక్సైడును కూడా పేర్కొనాలి. ఇది ట్యూనా కండలోని రంగు పదార్థంతో కలిసి దానిని రోజుల తరబడి చెర్రీపండు ఎరుపులో నిలుపుతుంది. చేప పాతబడినా రంగు పాతబడదు. ముక్కును మరుగుపరచిన సంచి కంటిని కూడా మోసగించినట్లే. యూరోపియన్ యూనియన్ చేపలలో దీని వాడకాన్ని అనుమతించదు.

భారతదేశంలోనూ ఈ రంగంలో కృషి జరిగింది. 1957లో స్థాపితమై కొచ్చి కేంద్రంగా పనిచేస్తున్న కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థ శాస్త్రవేత్తలు ఉప్పునీటి కయ్యలలో పెరిగే పెర్ల్ స్పాట్ అనే చేపను వేర్వేరు వాయు మిశ్రమాలలో ఐసు చల్లదనంలో ఉంచి పరిశీలించి, 2005, 2008 సంవత్సరాలలో తమ ఫలితాలు ప్రకటించారు. శీతల దేశాల చేపకు చేసిన లెక్క ఉష్ణదేశపు చేపకు యథాతథంగా వర్తించదు. ఏ తీరపు చేపను ఆ తీరంలోనే పరీక్షించాలి. చిలకా సరస్సు చేపకు, గోపాలపురం రేవు చేపకు అటువంటి పరిశోధన చేయగల యువత ఈ పాఠశాల తరగతి గదుల నుండి రావాలన్నది దురాశ కాదు.

తల్లిదండ్రులు, గృహిణులు గుర్తుంచుకొనవలసినవి కొన్ని ఉన్నాయి. మన వంటిళ్ళలో చేపను పులుసులో బాగా మరిగించడం ఆచారం. అది గొప్ప రక్షణ. పొగబెట్టినది, వండకుండా తినదగినది అని అమ్మే సంచి చేప విషయంలో ఆ రక్షణ లేదు. అందుచేత బిగించిన సంచి మీద ముందుగా చూడవలసినది గడువు తేదీ, ఉంచవలసిన చల్లదనం. దుకాణంలో చల్లగా లేని అర నుండి ఆ సంచిని తీసుకోరాదు. ఇంటికి తెచ్చాక ఐసు ముక్కల మధ్య గాని, రిఫ్రిజిరేటరులో అత్యంత చల్లని చోట గాని ఉంచి, వీలైనంత త్వరగా వండాలి. గాలి తీసిన సంచిలో గడ్డకట్టించిన చేపను కరిగించదలచినప్పుడు, ముందుగా సంచిని విప్పి, గాలి సోకేలా చేసి, రిఫ్రిజిరేటరులోనే కరిగించాలి. సంచి విప్పకుండా వంటగది బల్ల మీద వదిలివేయడం ప్రమాదకరం. గడువు దాటిన సంచి విప్పితే కంపు లేదన్న ధీమాతో దానిని వండరాదు. ఎండలో గంటల తరబడి ఉన్న కానాగంతను ఎంత మరిగించినా మేలు లేదు.

డెబ్బై అయిదేళ్ళ క్రితం ఈ పాఠశాల తలుపులు తెరచుకొన్ననాడు తీరంలోని పల్లెలలో ఐసు అరుదు. అమ్ముడుపోని చేపకు ఉప్పు, ఎండ రెండే గతి. ఆనాటి పిల్లలు కంటితో, వేలితో, ముక్కుతో నేర్చిన విద్య అబద్ధం కాలేదు. గంప ముందు అది నేటికీ సత్యమే. కాని బిగించిన సంచి ముందు ఆ విద్య ఒక్కటే చాలదు. అక్కడ ముక్కు చేసే పనిని అంకెలు చదవగల కన్ను, కారణం అడగగల బుద్ధి చేయాలి. నత్రజని, ప్రాణవాయువు, బొగ్గుపులుసు వాయువు అని పిల్లలు తెలుగులో వల్లెవేసిన పాఠం పరీక్షతో ముగిసేది కాదు. ఇంటిల్లిపాది భోజనం పళ్ళెం దాకా వచ్చేది.